కొత్త బెల్టు, పాత బరువు

ముసురు పట్టి చాలా రోజులైంది. ఇంట్లో ఏది ముట్టుకున్నా చెమ్మే. గోడలు చెమ్మ, తలుపులు చెమ్మ, డబ్బాలో ఉప్పు కూడా ఏడుస్తోంది. హాల్లో ఈ మూల నుంచి ఆ మూలకి కట్టిన తాళ్ళ మీద దుప్పట్లు వేలాడుతున్నాయి. పొద్దున వేసినవి సాయంత్రానికి ఇంకాస్త బరువెక్కాయి. వాటి కింద నుంచి నడవాలంటే తల వంచుకోవాలి. నాకు ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచీ చేతకాని పని అదొక్కటే. అందుకని తడి దుప్పట్లు వచ్చి నా మొహానికే కొట్టుకునేవి.

ఇన్ని దుప్పట్లూ ఒక్క మనిషివి. మా అత్తయ్యవి.

ఎండాకాలం మొదట్లో ఆమె పక్షవాతం వచ్చి పడిపోయింది. కళ్ళు తప్ప ఇంకేమీ కదలదు. ఆ నోరు మూతపడిందని తెలిసి వీధిలో ఎంతమంది లోపల్లోపల సంబరపడ్డారో నాకు తెలుసు. పరామర్శకి వచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నది ఏడుపు దాచుకోవడానికి కాదు. సరే, వాళ్ళకేం, చూసి వెళ్ళిపోయారు. చేసేది మేం. అన్నీ పడుకున్న చోటే. దుప్పటి తడిస్తే మార్చాలి, మార్చింది ఉతకాలి, ఉతికింది ఆరాలి. ఆరనిది కింద పరిస్తే వీపు పుండవుతుంది. అయింది కూడా. నడుము కింద అరచెయ్యంత పుండు.

చూడ్డానికి వచ్చే నర్సు ఆ రోజు మధ్యాహ్నమే మొహమాటం లేకుండా చెప్పేసి పోయింది.

"పొడి దుప్పటి వెయ్యండి. గంటగంటకీ పక్కకి తిప్పండి. ఈ రెండూ చెయ్యకపోతే పుండు ఎముక దాకా దిగుతుంది. దిగాక నన్ను పిలవకండి. నేను చేసేదేం ఉండదు, మీరు చేసేదీ ఉండదు."

తిప్పడానికి ఇద్దరు కావాలి. అత్తయ్య మంచాన పడ్డాక కూడా బరువు తగ్గలేదు. ఒకరు భుజం కింద చెయ్యి పెట్టాలి, ఒకరు నడుము కింద. నేనొకత్తిని. రెండో మనిషి మా తోడికోడలు. నేను అక్కా అంటాను. పిలిచినప్పుడల్లా ఆమెకి నడుము నొప్పి.

"అమ్మో, వంగలేనే. నువ్వే ఎలాగో తిప్పెయ్యి. నీకు చాతకానిదంటూ ఉందా?"

"పొద్దున నిండు బిందె ఎత్తినప్పుడు ఎక్కడికి పోయిందక్కా ఆ నొప్పి?"

"బిందె నన్నేమీ అనలేదే ఎప్పుడూ."

అక్క అన్నదాంట్లో న్యాయం ఉంది. అత్తయ్య మంచిగా ఉన్న రోజుల్లో వెనక గదిలో బట్టలారబెట్టే డ్రైయర్ మీద కోడళ్ళ చెయ్యి పడనిచ్చేది కాదు. మిషను తన దుప్పట్లకీ, కొడుకుల చొక్కాలకీ. "కోడళ్ళ బట్టలు ఒంటి మీదే ఆరతాయి" అనేది. అది మాట వరసకి అన్నది కాదు. నేను ఈ ఇంటికి రాకముందు, ఇలాంటి ముసురులోనే, అక్క కడుపుతో ఉన్నప్పుడు తడిసి వస్తే, ఉన్నది రెండే చీరలు, రెండోదీ తడే. అత్తయ్య ఆమెని గుమ్మంలో గాలికి నిలబెట్టింది. అక్క వణుకుతూ లోపలికి రాబోతే కొంగు పట్టి చూసి, "ఇంకా ఆరలేదు. అక్కడే నిలబడు" అందిట. మళ్ళీ వస్తే మళ్ళీ అదే మాట. ఆ జ్వరం దిగేసరికి అక్క కడుపులో ఏమీ మిగల్లేదు. తర్వాత పిల్లలూ లేరు.

అందుకని నేను అక్కని ఎక్కువ అనలేదు. డ్రైయర్ బాగుచేద్దామనుకున్నాను. ప్రేమతో కాదు. ప్రేమ అని రాస్తే చదివేవాళ్ళే నవ్వుతారు. కళ్ళముందు ఒక మనిషి కుళ్ళిపోతుంటే ఆ వాసన పీలుస్తూ కూర్చోవడం నావల్ల కాదు, అంతే.

డ్రైయర్‌ది చిన్న జబ్బే. స్విచ్చు వేస్తే మోటారు మూలుగుతుంది, డ్రమ్ము తిరగదు. బెల్టు తెగిందన్నమాట. తెగింది ఏ రోజో కూడా మాకు తెలుసు, అత్తయ్య పడిపోయిన రోజే. మిషను తలుపు తీసి దుప్పట్లు లాగబోయి అలాగే వాలిపోయింది. తలా, కుడి చెయ్యీ డ్రమ్ములో, మిగతాది బయట. మేం లాగి పడుకోబెట్టాం. ఆ కంగారులో మిషను మాటే మర్చిపోయాం. తర్వాత ఎండలు ముదిరాయి, అవసరం పడలేదు.

మధ్యాహ్నం వానలోనే వెళ్ళి కొత్త బెల్టు తెచ్చాను. మిషనుతో వచ్చిన చిన్న పుస్తకం ముందే చదివి పెట్టుకున్నాను. అక్క గుమ్మానికి ఆనుకుని చూస్తోంది.

"మెకానిక్ గారూ, ఆ పుస్తకంలో మొగుడికి జీతం ఎలా పెంచాలో కూడా రాశారేమో చూడండి."

"ఉంది. వదరుబోతు తోడికోడల్ని ఎలా విప్పాలో కూడా ఉంది. స్క్రూలు ఎక్కడున్నాయో వెతుకుతున్నా."

అక్క నవ్వింది. ఆ సాయంత్రం మేం నవ్వుకున్నది అదే చివరిసారి.

మగవాళ్ళిద్దరూ మిల్లులో సాయంత్రం డ్యూటీకి వెళ్ళిపోయారు. నేను వెనక గదిలో లైటు వేసుకుని కూర్చున్నాను. కిటికీ లేని గది. మిషను వెనక గోడకి అవతలే అత్తయ్య మంచం. వాన చప్పుడు అక్కడికి వినపడీ వినపడనట్టు వస్తుంది, ఎవరో దూరంగా బియ్యం చెరుగుతున్నట్టు. మిషన్లో మాడిన బట్టల నూగు వాసన. దాని కింద ఇంకో వాసన... నొప్పుల మందు, తలనూనె, చెమట. గోడ సందుల్లోంచి వస్తోందనుకున్నాను.

ప్లగ్గు తీసి, మిషను ముందుకి లాగి, పైమూత విప్పాను. తెగిన బెల్టు అడుగున కుబుసంలా పడి ఉంది.

బెల్టు తెగిన డ్రమ్ము ఎలా ఉండాలంటే, చిటికెన వేలితో తోస్తే గిర్రున తిరగాలి. పట్టుకునేది ఏదీ ఉండదు కదా. నేను అరచేత్తో తోశాను. కదల్లేదు. రెండు చేతులూ ఆనించి తోశాను. బరువుగా, నీళ్ళు తాగిన పరుపులా ఓ పావు వంతు పైకి లేచింది. చెయ్యి వదిలాను. వెనక్కి జారి, అటూ ఇటూ ఊగి, మొదటి చోటే ఆగింది.

మళ్ళీ తోశాను. మళ్ళీ అక్కడికే.

అడుగున బరువున్న గిన్నె నీళ్ళలో అలాగే ఊగుతుంది. లోపల ఏదో పడుకుని ఉంటే అలాగే ఊగుతుంది.

తలుపు తీసి, దీపం పెట్టి చూశాను. డ్రమ్ము ఖాళీ. అద్దంలా ఖాళీ. చెయ్యి పెట్టి అడుగంతా తడిమాను. ఇనుము చల్లగా ఉండాలి. అడుగున ఒక్కచోట వెచ్చగా ఉంది. మనిషి లేచి వెళ్ళిన పక్కలా.

చెయ్యి లాగేసుకున్నాను. వేళ్ళకి నొప్పుల మందు వాసన.

నాకు భయం తొందరగా రాదు. కోపం వస్తుంది. ఆ రోజూ అదే వచ్చింది. "నీ బొంద" అని మిషనుని తిట్టి, పని కానిచ్చాను. ముందు పలక విప్పి, డ్రమ్ముకి బెల్టు తొడిగి, గీతలున్న వైపు డ్రమ్ముకి తగిలేలా సర్దాను. కింద నుంచి చెయ్యి పోనిచ్చి, స్ప్రింగు గిలకని పక్కకి నొక్కి, మోటారు గిలకకి తగిలించాను. పలక మళ్ళీ బిగించాను. ఇక ఒకే పని. బెల్టు వంకర లేకుండా కూర్చుందా అని చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాలి. పైమూత అందుకే చివర్లో పెడతారు.

రెండు చేతులతో డ్రమ్ముని మెల్లగా తిప్పాను.

గోడ అవతల మంచం కిర్రుమంది.

ఆగాను. చప్పుడూ ఆగింది.

ఇంకాస్త తిప్పాను. కి...ర్రు.

అక్కే వెళ్ళి తిప్పుతోందనుకున్నాను. ఈ ఇంట్లో దెయ్యాల కంటే నమ్మలేని సంగతి అది. వెళ్ళి చూశాను. గదిలో ఎవరూ లేరు. నేను వెల్లకిలా పడుకోబెట్టి వచ్చిన అత్తయ్య గోడ వైపు తిరిగి ఉంది. బాగా ఒత్తిగిలి, పుండు పైకి కనిపించేలా. నర్సు చూస్తే మెచ్చుకునేది.

"అక్కా, నువ్వు తిప్పావా?"

వంటింట్లోంచి గొంతొచ్చింది. "ఏంటే తిప్పేది? పాలు పొంగుతున్నాయి ఇక్కడ."

మంచం చుట్టూ తిరిగి గోడ పక్కకి వెళ్ళి అత్తయ్య మొహం చూశాను. ఆ కళ్ళు... ఎన్నో రకాలుగా చూశాను ఆ కళ్ళని. ఎర్రగా, చిన్నగా, తాళంచెవి రంధ్రాల్లా. భయపడగా ఎప్పుడూ చూడలేదు. ఆ కళ్ళు నావైపు కాదు, గోడ వైపు, గోడ అవతలి మిషను వైపు చూస్తున్నాయి.

చెప్పకూడదు. ఎవరికీ చెప్పకూడదు అనుకున్నాను. కానీ వెనక్కి తిరిగేసరికి అక్క గుమ్మంలో ఉంది. పాల గరిటె చేతిలోనే ఉంది.

"నువ్వు అక్కడ డ్రమ్ము కదిపినప్పుడల్లా మంచం కిర్రుమంటోంది. వింటూనే ఉన్నా." గొంతు బాగా తగ్గించింది. "ఇంకోసారి తిప్పు."

"వద్దక్కా."

"పో, నేనే తిప్పుతా."

వెళ్ళింది. నేను అత్తయ్య దగ్గరే నిలబడ్డాను. గోడ అవతల ఇనుము మూలిగింది. నా కళ్ళముందు, ఎవరి చెయ్యీ పడకుండా, ఆ పెద్ద శరీరం వీపు మీదికి దొర్లి, ఇటు పక్కకి ఒత్తిగిలి ఆగింది. భుజం ముందు. తర్వాత నడుము. మేం ఇద్దరం పట్టి తిప్పినప్పుడు ఎలా తిరుగుతుందో అచ్చం అలాగే.

"తిరిగిందా?" అక్క కేక.

నేను మంచం కోడు పట్టుకున్నాను.

"తిరిగిందా లేదా?"

"తిరిగింది..."

అక్క నవ్వు వినిపించింది. గోడలోంచి వచ్చింది కాబట్టేమో, ఆమె నవ్వులా లేదు. "మన నడుములు బతికాయే చిన్నా! ఉండు, అలాగే పట్టి ఉంచుతా. నువ్వు పుండు తుడిచెయ్యి."

తుడిచాను. అబద్ధం ఎందుకు, ఆ ఒక్క క్షణం నాకూ హాయిగానే అనిపించింది. ఒంటిచేత్తో, కుదురుగా, ఇన్నాళ్ళలో మొదటిసారి ఆ పుండు శుభ్రంగా తుడిచి మందు వేశాను. మనిషి సగం ఈ మంచం మీద, సగం ఆ డ్రమ్ములో. పడిపోయిన రోజు మేం బయటికి లాగింది ఒక సగాన్నే. బతికుండగానే దెయ్యమైన మనిషికి మందు వేస్తున్నానని తెలుస్తూనే ఉంది, చేతులు ఆగలేదు. పొడిగుడ్డ మడిచి పెట్టాను.

"చాలక్కా. ఇంక మెల్లగా వెల్లకిలా తిప్పు."

మంచం కదల్లేదు.

"అక్కా?"

గోడ అవతల ఏదో ఈడ్చిన చప్పుడు. తీగ నేలకి రాసుకుంటున్న చప్పుడు. నాకు అర్థమైంది.

"అక్కా, ప్లగ్గు పెట్టకు! నీకు దణ్ణం పెడతా. ఇప్పుడే పుండు కట్టాను. మనిషి చచ్చిపోతుంది!"

అక్క గోడకి నోరు ఆనించి మాట్లాడినట్టుంది. గుసగుస. "గుమ్మంలో నన్ను నిలబెట్టినప్పుడు నేనూ దణ్ణం పెట్టానే. అత్తయ్యని అడుగు, గుర్తుందేమో."

అత్తయ్య కళ్ళు నా మీదికి తిరిగాయి. ఆ కళ్ళు అడిగింది నాకు అర్థమైంది. నేను ఆమె భుజాన్నీ నడుమునీ రెండు చేతులా వాటేసుకున్నాను. నా బరువంతా వేసి పట్టుకున్నాను.

స్విచ్చు టక్కుమంది.

మోటారు మూలిగింది. బెల్టు బిగుసుకున్న చప్పుడు. తర్వాత...

నా చేతులు విడిపోయాయి. అత్తయ్య తిరిగింది. పక్కకి. బోర్లా. పక్కకి. వెల్లకిలా. మంచం మీది నుంచి పడిపోలేదు. పడిపోతే బాగుండేది. ఉన్నచోటే తిరిగింది. దుప్పటి ఒంటికి చుట్టుకుంది. మంచం కోళ్ళు నేలని కొడుతున్నాయి. మొహం కనిపించి మాయమవుతోంది, కనిపించి మాయమవుతోంది. కనిపించిన ప్రతిసారీ కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి.

పరుగెత్తాను. హాల్లో తడి దుప్పట్లు మొహానికి, మెడకి, చేతులకి చుట్టుకుని పట్టి ఆపాయి. తాళ్ళతో సహా లాక్కుని వెనక గదిలో పడ్డాను.

అక్క మూలకి నక్కి ఉంది.

"తియ్యవే ప్లగ్గు!" అని అరిచాను.

అక్క చెయ్యి చాచింది. ప్లగ్గు ఆమె చేతిలోనే ఉంది.

"తీసేశాను... ఎప్పుడో తీసేశాను... ఒక్క చుట్టే అనుకున్నానే..."

డ్రమ్ము తిరుగుతోంది.

మోటారు మూలుగు లేదు. కరెంటు లేదు. తీగ నేల మీద చచ్చిన తోకలా పడి ఉంది. డ్రమ్ము మాత్రం తిరుగుతోంది. కింద నుంచి చెయ్యి దూర్చి స్ప్రింగు గిలకని నొక్కాను. బెల్టు వదులై జారి, నా మణికట్టుని కోస్తూ అడుగున పడింది. ఇంక ఆ డ్రమ్ముని తిప్పేది ఈ భూమ్మీద ఏదీ లేదు.

వేగం పెరిగింది.

ఖాళీ డ్రమ్ములో తడి దుప్పటి పైకెళ్ళి కింద పడుతున్న చప్పుడు. దప్... దప్... దప్... గోడ అవతల మంచం కోళ్ళు, అదే తాళంలో. అక్కా నేనూ ఒకరినొకరం పట్టుకున్నాం. ఎందుకు పట్టుకున్నామో తెలియదు. అప్పుడు డ్రమ్ములోంచి మాట వచ్చింది. ఎండాకాలం నుంచి ఈ ఇంట్లో వినపడని గొంతు. తొందర లేదు. కోపం లేదు. కొంగు పట్టి చూసి చెబుతున్నట్టు...

"ఇంకా ఆరలేదు."

అక్క నా చేతుల్లోంచి జారి కింద కూర్చుండిపోయింది.

"ఇంకా... ఆరలేదు."

ఎంతసేపో నాకు తెలియదు. మూడోసారి ఆ మాట వినపడలేదు. డ్రమ్ము నెమ్మదించి, అటూ ఇటూ ఊగకుండా, ఎక్కడో మధ్యలో ఆగింది. వేలితో తాకాను. ఎండిన సొరకాయ బుర్రలా గిర్రున తిరిగింది. లోపల బరువు లేదు.

అత్తయ్య గదికి నేనొక్కదాన్నే వెళ్ళాను. వెల్లకిలా పడుకుని ఉంది. దుప్పటి ముడత లేకుండా, ఒరలో కత్తిలా చుట్టుకుని ఉంది. విప్పాను. పుండు మూసుకుపోయింది. మానిపోవడం కాదు, ఎండిపోవడం. కాగితంలా గలగలమంది. ఒళ్ళంతా వెచ్చగా, పొడిగా, అప్పుడే మిషన్లోంచి తీసినట్టు ఉంది. ఊపిరి లేదు. కళ్ళు ముయ్యబోతే రెప్పలు రాలేదు. తడి లేక అతుక్కుపోయాయి. ఇన్నాళ్ళూ ఇద్దరం ఎత్తలేని మనిషిని ఒంటిచేత్తో ఎత్తి సర్ది పడుకోబెట్టాను.

మగవాళ్ళు వచ్చి చూసి ఏడ్చారు. "పాపం, ఎంత ప్రశాంతంగా పోయిందో! మొహంలో నొప్పే లేదు" అన్నారు బావగారు. మగవాళ్ళకి ఆడవాళ్ళ మొహాల్లో నొప్పి ఎప్పుడు కనపడింది గనక! నర్సు వచ్చి వీపు చూసింది. నావైపు చూసింది. సంచీ సర్దుకుని, వానలోనే, గొడుగు మర్చిపోయి వెళ్ళిపోయింది.

అక్క ఆ రోజు నుంచి మాట్లాడటం మానేసింది. తడిగుడ్డ కనిపిస్తే గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. డ్రైయర్ని పాత ఇనుమువాడికి ఇచ్చేశాను. డ్రమ్ముని విడిగా విప్పించి, నా కళ్ళముందే సుత్తితో చితక్కొట్టించాను. బెల్టు పొయ్యిలో పెట్టి కాల్చాను. నేను చదివిన పుస్తకాల్లో దేంట్లోనూ దీనికి మందు లేదు కాబట్టి నాకు తోచింది చేశాను.

ముసురు వెళ్ళిపోయింది. ఇప్పుడు బట్టలు బయటే ఆరుతున్నాయి.

మొన్నీమధ్య నిద్రలో మెలకువ వచ్చింది. నేను గోడ వైపు తిరిగి ఉన్నాను. తిరిగింది నేను కాదు. భుజం కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి వేసి, తెలిసినవాళ్ళు తిప్పినట్టు ఎవరో తిప్పారు. ఆ పట్టు నాకు బాగా తెలుసు. పక్కన మా ఆయన గురక ఆగకుండా అదే వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే పక్క గదిలో బావగారి మంచం కిర్రుమంది. వెంటనే అక్కది.

మొదట్లో రాత్రికి ఒక్కసారే తిప్పేవారు. తెల్లారేదాకా మళ్ళీ ఏమీ ఉండేది కాదు.

నిన్న, బోర్లా తిప్పాక, ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా మళ్ళీ పక్కకి తిప్పారు.